ఎత్తకూడని ఫోను

ఖాలా పోయింది. మంగళవారం పొద్దున ప్రొద్దుటూరులో, నేను బిల్లులు రాసే బట్టల కొట్టు ముందు చెప్పులు విడుస్తుంటే మా ఆయన ఫోన్ చేసి చెప్పాడు. మామూలుగా ఆయన ఏ సంగతైనా ఊరంతా తిప్పి తెస్తాడు. ఆ రోజు మాత్రం, "ఖాలా పోయింది, వెంటనే బస్సెక్కు" అన్నాడు, అంతే. గంట కిందట నేను ఇంట్లోంచి బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి, "బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టొద్దు పాపా" అని చెప్పిన మనిషి ఖాలా. రోజూ అదే మాట. నేను రోజూ "సరే ఖాలా" అనేదాన్ని, బస్సెక్కగానే చెయ్యి బయట పెట్టేదాన్ని. ఆ రోజు తిరుగు బస్సులో జమ్మలమడుగు వచ్చేదాకా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

బొంత కుడుతూ కుడుతూ గోడకు ఒరిగిందట. సూది వేళ్ళ మధ్యే ఉంది. డాక్టరు గుండె అన్నాడు. ఉరుముకు భయపడి, గ్యాసు సిలిండరుకు భయపడి, ఎదురుగా వచ్చే లారీకి భయపడి బతికిన మనిషి, ఆఖరికి భయపడే తీరిక కూడా లేకుండా పోయింది. అదొక్కటే నాకు ఊరట.

ఈ నాలుగు మాటలూ శుక్రవారం మధ్యాహ్నం కూర్చుని రాస్తున్నాను. కొట్టుకు సెలవు పెట్టాను. నా పక్కన ఖాలా ఫోను ఉంది. అంకెలు అరిగిపోయిన బటన్ల ఫోను. మెడలో వేసుకోవడానికి ఆమే కుట్టుకున్న గుడ్డ సంచిలోంచి తీసి, బొంత మీద పెట్టాను. ఇంకాసేపటికి అది మోగుతుంది. మోగితే నేను ఎత్తాలి. నాకు చాలా భయంగా ఉంది. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను. ఫోను ఎత్తడానికి ఇంత భయమెందుకో మీకు తెలియాలంటే ఖాలా గురించి చెప్పాలి.

మా వీధిలో అందరికీ ఆమె ఖాలానే. పిన్నమ్మ అని అర్థం. జమ్మలమడుగులో మా ఇంటికీ ఆమె ఇంటికీ ఒకే గోడ, ఒకే మిద్దె. పాత చీరలిస్తే బొంతలు కుట్టేది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు. ఆ పిల్ల కువైట్‌లో ఒక ఇంట్లో పనికి పోయింది. ఆ ఇంటామె పిల్ల చేతికి ఫోను ఇవ్వదు. ఆ ఇంటి కారు తోలే డ్రైవరు మన పులివెందుల పక్క లింగాల వాడు. శుక్రవారం నమాజు అయ్యాక ఇంటివాళ్ళను చుట్టాలింట్లో దింపి వచ్చి, తన ఫోను కాసేపు ఈ పిల్ల చేతికిస్తాడు. మాట్లాడితే అతని బ్యాలెన్సు ఖర్చవుతుంది. అది సరే, గొంతు బయటికి వినిపిస్తుంది కూడా. ఆ ఇంట్లో చుట్టాలింటికి పోని ముసలామె ఒకతి ఎప్పుడూ చెవులు రిక్కించుకుని ఉంటుందట.

అందుకని తల్లీకూతుళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. శుక్రవారం కూతురు రింగిచ్చి కట్ చేస్తుంది. కట్ చేసిందంటే కూతురు బాగున్నట్టు. తల్లి ఎత్తలేదంటే తల్లి బాగున్నట్టు. జరగరానిది ఏదైనా జరిగితేనే ఎత్తాలి. బస్సు దిగి ఒక రింగు, అన్నం వండి ఒక రింగు, ఇలా మిస్డ్ కాల్స్‌తో సంసారాలు నడిపిన వాళ్ళమే మనమంతా. కానీ ఖాలా ఇంట్లో అది ప్రాణంతో సమానం. ఎత్తకపోవడమే వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం.

పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు ఆ పిల్ల తన గొంతు ఫోనులో రికార్డు చేసి, డ్రైవరు నంబరుకు అదే మోగేట్టు పెట్టిపోయింది. ఖాలాకు చదువు రాదు, చూపు కూడా మందగించింది, పేరు చూసి గుర్తుపట్టలేదు. వేరే ఎవరు చేసినా మామూలు గంట మోగుతుంది. కూతురు చేస్తే కూతురి గొంతే వస్తుంది: "అమ్మీ, నేను బాగుండా. ఎత్తొద్దు!" ఆ చివర ఒక నవ్వు. రికార్డు చేస్తుంటే ఖాలా పక్కనుంచి, "గట్టిగా చెప్పొద్దే, ఎవురన్నా వింటారు" అందట. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు కూడా ఫోనులో పడింది.

ఖాలా భయాల గురించి మా వీధిలో అందరం ఎగతాళి చేసేవాళ్ళం. తలుపుకు తాళం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసేది. మా ఆయన బస్సు కండక్టరు. డ్యూటీ నుంచి రావడం ఆలస్యమైతే నేను హాయిగా టీవీ చూస్తుంటే ఆమె అరుగు మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తుండేది. "నీ మొగుడా, నా మొగుడా ఖాలా? నువ్వెందుకు కూర్చున్నావు?" అంటే, "నువ్వు కూర్చోవు గదా పాపా, ఎవురో ఒకరు కూర్చోవాల" అనేది. ఒకసారి నాకు ఒళ్ళు మండి, "ఇంత భయపడి ఏం బావుకున్నావు ఖాలా?" అని అరిచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆమె సూదిలో దారం ఎక్కించుకుంటూ, "భయపడబట్టే గదా గ్యాసు ఆపినామా లేదా అని మళ్ళా చూస్తాం. మీరు ధైర్యంగా ఉండండి, నేను చూస్తా" అంది.

మా అమ్మ పోయినప్పుడు అమ్మ చీరలన్నీ మూట కట్టి ఖాలాకిచ్చి బొంత కుట్టమన్నాను. రోజులు గడిచినా మూట విప్పలేదు. అడిగితే, "కోయడానికి భయమేస్తాంది పాపా. కోస్తే మళ్ళా అతుక్కోదు" అంది. చివరికి ఏ చీరనూ కోయకుండా, మడతలు మీద మడతలు పెట్టి కుట్టింది. ఎక్కడా కత్తెర పడలేదు. అందుకే మా ఇంట్లో ఈ బొంత అన్నిటికన్నా బరువు. ఫోను ఇప్పుడు దాని మీదే ఉంది.

ఇప్పుడే మోగింది. మామూలు గంట. రీఛార్జి చేసుకోమని కంపెనీ వాళ్ళ రికార్డు మాట. దానికి నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేశాను. యంత్రాన్ని తిడితే ఏమొస్తుంది, కాసేపు భయం తగ్గింది.

సంగతికి వస్తాను. పోయిన ఎండాకాలం మా వీధి చివర గోడౌను మీదున్న టవరు తీసేశారు. ఖాలా ఫోనుకు ఇంట్లో సిగ్నలు పోయింది. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడితే ఒక గీత వచ్చేది. ఇంకేముంది, శుక్రవారం మధ్యాహ్నం మండుటెండలో ఆమె తడి తువ్వాలు నెత్తిన వేసుకుని మిద్దెక్కడం మొదలుపెట్టింది. మా మిద్దె మీద నాపబండలు పరిచి ఉంటాయి. ఎండకు అవి కాలితే పెనం మీద కాలు పెట్టినట్టే. ఒక శుక్రవారం నేను బట్టలు తీయడానికి పోతే, ఖాలా ట్యాంకు నీడలో కళ్ళు తేలేసి కూర్చుని ఉంది. ఫోను మాత్రం చెయ్యి పైకెత్తి పట్టుకుని ఉంది. నీళ్ళు తాగించి, కిందికి దింపి, ఆపైన తిట్టాను.

"వేరే కంపెనీకి మారదాం ఖాలా. వాళ్ళ సిగ్నలు ఇంట్లో బాగా వస్తాంది" అన్నాను.

"నంబరు మారితే నా బిడ్డ నన్ను యాడని వెతుకుతాది?"

"నంబరు మారదు. అదే నంబరు, కంపెనీ మారుతుంది."

"మారేటప్పుడు మధ్యలో యాడన్నా పోతే?"

ఆ పిల్లకు నోటికి వచ్చిన నంబరు అదొక్కటే. డ్రైవరుకు తిరిగి ఫోన్ చేయడానికి లేదు. చేస్తే, అది ఎవరి ముందన్నా మోగితే, అతని ఉద్యోగం పోతుంది, ఈ పిల్లకు ఆ రింగు కూడా ఉండదు. కూతురు ఖాలా చేత ఒట్టు పెట్టించుకుని పోయింది, ఎన్నడూ చేయనని. అంటే ఆ నంబరు పోతే కూతురు పోయినట్టే. ఖాలా భయం నాకు మొదటిసారి సరిగా అర్థమైంది. అర్థమైన రోజు నుంచి నాకూ పట్టుకుంది.

అయినా ఎండలో ఆమెను అలా వదలలేం కదా. మెసేజి పంపాం, కోడు వచ్చింది, కొత్త కంపెనీ వాళ్ళ దగ్గర ఆమె వేలిముద్ర వేసింది. వేలు పడేటప్పుడు కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత పాత సిమ్ము ఎప్పుడు ఆగుతుందో, కొత్తది ఎప్పుడు పలుకుతుందో అని బిక్కుబిక్కుమంటూ గడిపాం. ఒక గురువారం సాయంత్రం పాతది చచ్చింది. కొత్త సిమ్ము నా ఫోనులో వేసి చూశాను, పలికింది. ప్రాణం లేచొచ్చింది. "చూసినావా, ఊరికే భయపడ్డావు" అని గొప్పగా చెప్పి, దాన్ని తీసి ఖాలా ఫోనులో పెట్టాను.

తెర మీద తాళంకప్ప బొమ్మ వచ్చింది. కింద ఏదో నంబరు కొట్టమని అడిగింది.

"తాళం ఏంటికి వచ్చింది పాపా?" అంది ఖాలా.

పాత కంపెనీ వాళ్ళు తమ సిమ్ముతో కలిపి అమ్మిన ఫోను అది. వాళ్ళ సిమ్ము తప్ప వేరేది పెడితే ఒప్పుకోదు. ఆ తాళం తీసే నంబరు కొడితేనే పనిచేస్తుంది. తప్పు నంబరు కొన్నిసార్లు కొడితే ఇంకెప్పటికీ తెరుచుకోదు. ఇవన్నీ మా ఆయన ఎవరినో అడిగి తెలుసుకుని చెప్పాడు. "నా ఫోను నాది గాదా?" అని ఖాలా పదేపదే అడిగింది. తలుపు తాళం లాగి చూసుకునే మనిషికి, తను వేయని తాళం ఎదురొచ్చింది.

"పోనీలే, సిమ్ము నా ఫోనులో ఉంచుతాను. రేపు అందులో మోగుతుంది" అన్నాను.

"నీ ఫోన్లో నా బిడ్డ గొంతు లేదు గదా. మామూలు గంట మోగుతాది. నేను ఎవురో అనుకొని ఎత్తేస్తే? నువ్వు ఎత్తేస్తే?" అంది. అని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఎత్తితే నా బిడ్డ నేను సచ్చిపోయినాననుకుంటాది పాపా. ఆ ఇల్లు ఇడిసి రోడ్డున పడి పరిగెత్తుతాది. ఆ దేశంలో అట్ల పారిపోతే జైల్లో ఏస్తారంట."

మరుసటి రోజు శుక్రవారం. పొద్దున్నే ఇద్దరం ప్రొద్దుటూరు బస్సెక్కాం. కిటికీ పక్కన నన్ను కూర్చోనివ్వలేదు. బంగారు అంగళ్ళ వెనక సందులో ఒక ఫోన్ల రిపేరు అంగడి ఉంది. అతను ఫోను అటూ ఇటూ తిప్పి, "తీయొచ్చు పెద్దమ్మా. నంబరు తెప్పించాల. కానీ ఒక్కోసారి లోపల ఉండేదంతా తుడుచుకుపోతాది, ముందే చెప్తాండా" అన్నాడు.

"తుడుచుకుపోతే మా పాప గొంతు?"

"పోవచ్చు, పోకపోవచ్చు."

ఖాలా ఫోను వెనక్కి లాక్కుంది. మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ లాక్కుంది. అతనికి విసుగొచ్చి వేరే పని చేసుకోసాగాడు. నేను కొట్టుకు పోయి, బిల్లులు రాసి, మధ్యాహ్నం అన్నం వేళకు వచ్చి చూస్తే ఆమె ఇంకా అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో ఫోను ఒళ్ళో పెట్టుకుని ఉంది. రింగు వచ్చే సమయం దగ్గరపడుతోంది. "ఏదో ఒకటి చెప్పు ఖాలా" అని అరిచాను. "నువ్వే చెప్పు పాపా, నాకు భయం" అంది. నేనే ఫోను తీసి అతని చేతిలో పెట్టాను.

అతను నంబరు తెప్పించి కొట్టాడు. తప్పన్నది. మళ్ళీ చూసుకుని కొట్టాడు. మళ్ళీ తప్పన్నది. ఖాలా కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూనే ఉంది. అతను అద్దాలు తుడుచుకుని, ఒక్కో అంకె పైకి చదువుతూ ఇంకోసారి కొట్టాడు. తాళం బొమ్మ పోయింది. సిగ్నలు గీతలు వచ్చాయి. అతను గబగబా లోపల వెతికి, ఆ పిల్ల గొంతు ఉందో లేదో వినిపించాడు. ఉంది, నవ్వుతో సహా ఉంది. ఖాలా అంగడివాడి చెయ్యి పట్టుకుని, "నా బిడ్డను కాపాడినావప్పా" అంది. సందులో పోయేవాళ్ళు ఆగి చూశారు.

అంతటితో అయిపోయుంటే ఎంత బాగుండేది! అతను పని శుభ్రంగా చేసే మనిషి. కాల్ వస్తోందో లేదో చూడాలని తన ఫోనుతో ఈ నంబరుకు చేశాడు. ఖాలా ఫోను ఎడమ చేతిలో పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. మోగింది. మోగగానే పచ్చబటను నొక్కి, "ఆ, వస్తాంది వస్తాంది" అన్నాడు. అది అతని కాల్ కాదు. "అమ్మీ, నేను..." అని సగం మాట మాకు వినిపించింది, అంతలో అతని వేలు పడిపోయింది.

ఫోనులోంచి "అమ్మీ!" అని ఒక కేక వచ్చింది. అతను బిత్తరపోయి, "హలో, ఎవురు?" అన్నాడు. ఖాలా దూకి ఫోను లాక్కుని, "నేను బాగుండా! బాగుండానే! బాగుండా!" అని అరిచింది. అప్పటికే కట్ అయిపోయింది. తల్లి ఫోను మగమనిషి ఎత్తి ఎవరని అడిగితే ఆ పిల్ల ఏమనుకుని ఉంటుంది? తాళం తీయించిందే ఎవరూ పొరపాటున ఎత్తకుండా ఉండటానికి. తీసిన నిమిషంలోనే ఆ పని జరిగిపోయింది.

ఆ వారం మా గోడకు అటూ ఇటూ ఎవరం సరిగా నిద్రపోలేదు. "చేసేద్దాం ఖాలా, డ్రైవరు నంబరుకు" అని నేనంటే, "ఒట్టు పెట్టినా" అనేది. కాసేపటికి తనే, "చేద్దామా?" అనేది. వెంటనే, "వద్దు, ఆ ముసలామె వింటాది" అనేది. అన్నం ముందు కూర్చుని, "నా బిడ్డ తిన్నాదో లేదో" అని కంచం జరిపేసేది. పరాయి దేశంలో, పరాయి ఇంట్లో, తల్లి చచ్చిపోయిందని అనుకుంటూ బయటికి ఏడవడానికి కూడా లేని పిల్లను తలుచుకుంటూ నేను కొట్టులో బిల్లులు తప్పు రాసేదాన్ని. ఆ పిల్ల ఎక్కడ గోడ దూకుతుందో, ఎక్కడ రోడ్డున పడుతుందో అని ఆలోచించి ఆలోచించి మా ఆయన మీద అరిచేదాన్ని.

శుక్రవారం వచ్చింది. ఖాలా మా ఇంట్లో గోడకు భుజం ఆనించి నిలబడి, తన రెండు చేతులూ వెనక్కి పెట్టి నన్ను పట్టుకోమంది. "నేను ఎత్తేస్తానేమో పాపా, గట్టిగా పట్టుకో" అంది. పట్టుకున్నాను. ఫోను ఈ బొంత మీదే ఉంది. మోగింది. "అమ్మీ, నేను బాగుండా. ఎత్తొద్దు!" నవ్వు. మళ్ళీ మొదటి నుంచి, "అమ్మీ, నేను..." కట్ అయింది. ఖాలా అలాగే గోడ వెంట జారి నేల మీద కూర్చుంది. ఏడ్చిందో నవ్విందో నాకు తెలియదు. నేను మాత్రం ఏడ్చాను, బోరుమని.

కొన్నాళ్ళకు ఆ డ్రైవరు సెలవుకు వచ్చి, లింగాల నుంచి ఖర్జూరాల పొట్లం పట్టుకుని ఖాలా ఇంటికి వచ్చాడు. ఖాలా అతన్ని అడిగింది ఒక్కటే: "అన్నం తింటాందా?" తింటోందని చెప్పాడు. ఆ రోజు ఫోను రిపేరు అంగట్లో పొరపాటున ఎత్తారని పాపకు చెప్పమంది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ వారం ఆమెకు పిలిస్తే పలుకు లేదమ్మా. గోడల్ని చూస్తా కూర్చునేది. ఇంకోసారి అట్ల ఎత్తితే తట్టుకోలేదు, చెప్తాండా" అన్నాడు.

అతను పోయిన తర్వాత ఖాలా నన్ను పిలిచి కూర్చోబెట్టింది. "నాకేమన్నా అయితే నువ్వే ఎత్తాల పాపా" అంది. వల్లూరులో ఉన్న ఆమె తమ్ముడి మాట ఎత్తాను. "వాడు ఏడుస్తాడు గానీ చెప్పలేడు. నువ్వు అరుస్తావు గానీ చెప్తావు" అంది. నా కోపాన్ని జన్మలో ఒక్కరు మెచ్చుకున్నారంటే అది ఖాలానే. తర్వాత ఇంకో మాట చెప్పింది. "ఎత్తినాక ఊరికే చెప్పేయొద్దు. ముందు అన్నం తిన్నావా అని అడుగు. తినకుంటే తినమను. కడుపులో ఇంత ఉంటే నిలబడగలదు."

అప్పుడు నేను నవ్వాను. "నువ్వు మమ్మల్నందర్నీ పంపించి పోతావులే" అన్నాను.

ఇప్పుడు మంగళవారం నుంచి ఇంట్లో ఒకటే వాదన. ఖాలా తమ్ముడు వచ్చి, మట్టి చేసి, ఈ ఫోను నా చేతిలో పెట్టి, "నువ్వే చూసుకోమ్మా" అని వల్లూరు వెళ్ళిపోయాడు. మా ఆయన, "ఎత్తొద్దులే. ఎత్తకపోతే ఆ పిల్లకు తల్లి బతికే ఉంటుంది కదా" అంటాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు అటే లాగుతోంది. నిజమే. నేను చెయ్యి కదపకపోతే చాలు. ప్రతి శుక్రవారం ఆ పిల్ల రింగిస్తుంది, ఎవరూ ఎత్తరు, ఖాలా బాగుంటుంది. కానీ సెలవుకు వచ్చి, సామాన్లు దించుకుని, ఖాలా తలుపుకున్న తాళం చూసిన రోజు? ఆ రోజు ఆ పిల్ల నా వైపు చూసే చూపుకు నేనెక్కడ దాక్కోవాలి?

ఖాలా ఉండుంటే, ఎవరో ఒకరు కూర్చోవాల అనేది. కూర్చున్నాను. ఛార్జింగు ఉందో లేదో చూశాను. మళ్ళీ చూశాను. ఆమె ఇంటి తాళం కూడా ఇందాక రెండుసార్లు లాగి చూశానని ఇప్పుడు గుర్తొస్తోంది. ఆమె ఏం మిగిల్చి పోయిందని ఎవరైనా అడిగితే ఇదే చెప్తాను. నాకు తన భయాన్ని ఇచ్చిపోయింది. ఇన్నాళ్ళు మేమందరం ధైర్యంగా తిరిగామంటే మా అందరి వాటా ఆమె ఒక్కతే భయపడుతూ కూర్చోబట్టే. ఖాలా, నీకు ఒక్కసారి కూడా ఈ మాట చెప్పలేదు.

తర్వాతి మాటలు సాయంత్రం రాస్తున్నాను.

ఫోను మోగింది. "అమ్మీ, నేను బాగుండా. ఎత్తొద్దు!" పక్కనే కూర్చున్న మా ఆయన లేచి నిలబడ్డాడు. కట్ అయిపోతుందేమోనని ఒక భయం, కట్ కాదేమోనని ఒక భయం. ఆ నవ్వు వచ్చేలోపల కళ్ళు మూసుకుని పచ్చబటను నొక్కాను.

అవతల ముందు ఊపిరి వినిపించింది. తర్వాత చాలా చిన్నగా, గోడలు వినకుండా, బలవంతంగా నవ్వు తెచ్చుకున్న గొంతు.

"ఏందమ్మీ... మళ్ళా ఫోను అంగట్లో ఇచ్చినావా?"

బొంత అంచు పిడికిట్లో పట్టుకున్నాను.

"అన్నం తిన్నావా పాపా?" అన్నాను.

నా గొంతు ఆ పిల్ల గుర్తుపట్టింది. ఆ ప్రశ్న ఎవరిదో కూడా గుర్తుపట్టింది. ఇంకేమీ అడగలేదు. దూరంగా ఎక్కడో కారు తలుపు వేసిన చప్పుడు వినిపించింది. నేను ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాను. ఈసారి కట్ కాలేదు.